ఖాళీ మురిగిపోరాదు

లోతట్టు జలరవాణా శాఖ అని ఒకటుందని చాలామందికి తెలియదు. అందులో పనిచేసేవాళ్లు పెళ్లిళ్లలో బంధువులకు ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకోవాల్సి వస్తుంది. గోదావరి పాయల్లోనూ కాలవల్లోనూ తిరిగే లాంచీలకు, పంట్లకు, మరపడవలకు లైసెన్సులు ఇవ్వడం ఆ శాఖ పని. పడవ నీళ్లమీద తేలుతుందో లేదో పడవవాడు చూసుకుంటాడు. కాగితాలమీద తేలుతుందో లేదో శాఖ చూసుకుంటుంది. ఈ రెండో పని మొదటిదానికన్నా కష్టమని శాఖవారి నమ్మకం.

ఆ శాఖ జిల్లా కార్యాలయం ఒకదానిలో గవర్రాజు అకౌంట్స్ సూపరింటెండెంటు. మంచి మనిషి. చెయ్యి చాపడు, గొంతు పెంచడు, ఒకరి మాట ఇంకొకరికి మొయ్యడు. ఆయనకున్న వ్యసనమల్లా ఒక్కటే. ఎవరు ఏ పని తలపెట్టినా కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి "ఏ రూలు కింద?" అని అడగడం. అటెండరు కిటికీ తెరవబోయినా సరే, ఆ ప్రశ్న ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. దానివల్ల ఆఫీసుకు ఎన్నో ఆడిట్ అభ్యంతరాలు తప్పాయి. ఎన్నో పనులు కూడా తప్పాయి.

ఆయన భార్య మంగతాయారు సామర్లకోటలో బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. ఏళ్లకేళ్లుగా ఆయనొక ఊళ్లో, ఆవిడొక ఊళ్లో. వారానికోసారి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, మిగిలిన రోజులన్నీ ఈయన క్యారియర్ భోజనం తిని, గదికి తాళం వేసి, తాళం తీసి, మళ్లీ వేసి గడపడం. ఆయనకు ఇంటిమీద బెంగ. ఆ వయసులో బెంగ అని ఎవరితో చెప్పుకుంటాడు? గ్యాస్ట్రిక్ అని చెప్పేవాడు.

ఆ ఏడాది బదిలీలమీద నిషేధం ఎత్తేశారు. భార్యాభర్తల కోటాలో గవర్రాజుకు సామర్లకోట సెక్షనుకు బదిలీ వచ్చింది. ఇక కావలసింది ఇక్కడినుంచి వదిలిపెడుతున్నట్టు ఒక రిలీవింగ్ ఆర్డరు. మార్చి ఆఖరి పనిదినంలోగా ఆ కాగితం చేతపట్టుకుని వెళ్లి అక్కడ చేరితే బదిలీ నిలుస్తుంది, లేదంటే రద్దయిపోతుంది. పైగా ఆ కాగితం చేత్తో రాస్తే చెల్లదు. ఆఫీసు కంప్యూటరు తనంతట తాను నంబరు వేసి, ప్రింటరులోంచి బయటికి పంపిస్తేనే చెల్లుతుంది. శాఖలో అవినీతిని అరికట్టడానికి పెట్టిన నిబంధన అది. గవర్రాజే పట్టుబట్టి అమలు చేయించాడు.

ఆ కంప్యూటరు గురించి కూడా చెప్పాలి. అంతకుముందు సంవత్సరం శాఖ యావత్తూ డబ్బులిచ్చి కొనే ఆపరేటింగ్ సిస్టం మానేసి ఓపెన్ సోర్స్‌కు మారింది. ప్రపంచంలో ఎవరెవరో ప్రోగ్రామర్లు కలిసి రాసి, అందరూ వాడుకోండని వదిలేసిన సిస్టం అది. పైసా ఖర్చు లేదు. అదే తలనొప్పి అయింది. ఖరీదు లేని వస్తువును స్టాకు రిజిస్టరులో ఎక్కించడం ఎలాగో ఎవరికీ తోచలేదు. చివరికి గవర్రాజే తేల్చాడు. "విరాళముగా అందినది. దాత: ప్రపంచము" అని రాయించి సంతకం పెట్టాడు.

అలాంటి కంప్యూటరు ముందు, బదిలీ ఉత్తర్వు అందిన మర్నాడు, గవర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని తన రిలీవింగ్ ఆర్డరుకు ప్రింటు కొట్టాడు. ప్రింటరు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. తెరమీద "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే వచ్చింది.

కంప్యూటర్లు బాగుచేసే కంపెనీ నుంచి సువార్త అనే ఇంజనీరు స్కూటీ వేసుకుని వచ్చింది. జిల్లాలో ఇలాంటి ఆఫీసులు ఆ అమ్మాయికి బోలెడున్నాయి, అందుకని ఎక్కడా ఎక్కువసేపు ఆశ్చర్యపోదు. నల్లటి తెరమీద రెండు మాటలు కొట్టి, వచ్చిన జవాబు చదివి, కుర్చీ ఇటు తిప్పింది.

"డిస్కు నిండలేదండి. డిస్కులో ఒక గది నిండింది. పక్క గది ఖాళీగా పడుంది."

"గదులేంటమ్మా?" అన్నాడు గవర్రాజు.

"పార్టిషన్లండి. డిస్కు ఒకటే గానీ లోపల గోడలు కట్టి గదులు చేస్తారు. ఈ చిన్నదాని పేరు వార్. సిస్టం తన రోజువారీ డైరీ ఇందులో రాసుకుంటది, ప్రింటుకెళ్లే కాగితాలు కూడా ముందు ఇందులోనే వరసలో నిలబడాలి. ఈ పెద్దది హోమ్. మీ స్టాఫ్ ఫైళ్లు పెట్టుకోడానికి. మీ హెడ్డాఫీసువాళ్లు వార్‌కి అగ్గిపెట్టంత ఇచ్చి, హోమ్‌కి కల్యాణమండపమంత ఇచ్చారు. మీరేమో ఫైళ్లన్నీ బీరువాల్లో పెట్టుకుంటారు. అందుకే వార్ వంద శాతం, హోమ్ మూడు శాతం. మీ కాగితం నిలబడ్డానికి వార్‌లో చోటు లేదండి, అంతే."

"మరిప్పుడు?"

"ఆ పాత డైరీ తీసేస్తే సరిపోద్దండి."

"అందులో ఏం రాసుంది?"

సువార్త తొంగిచూసింది. "స్కానర్ కనపడలేదు, స్కానర్ కనపడలేదు అని రాసుకుంటా పోయిందండి. రెండు మూడు సెకన్లకోసారి. మీ స్కానరు పాడైపోయి ఏడాది అయినట్టుంది."

గవర్రాజు తల అడ్డంగా ఊపాడు. "ప్రభుత్వ యంత్రం, ప్రభుత్వ కార్యాలయంలో, పనివేళల్లో రాసిందమ్మా అది. రికార్డు కిందకే వస్తుంది. రికార్డు చెరపాలంటే కమిటీ వెయ్యాలి, కమిటీ చదవాలి."

"చదవాలంటే ముసలోళ్లయిపోతారండి."

"అదే నేనంటున్నది."

"పోనీ ఇంకోటుందండి. హోమ్ గోడ ఇటు జరిపి, ఆ ఖాళీలో కాస్త వార్‌కి కలిపేద్దాం. పక్కపక్క గదులే. ముందు అన్నిటికీ ఒక కాపీ తీసి పెట్టుకుని, పెన్‌డ్రైవుతో సిస్టం లేపి చేస్తాను. మీరు భోంచేసి వచ్చేసరికి అయిపోద్ది."

ఆ క్షణాన గవర్రాజు సరేనమ్మా అని ఉంటే, ఆ సాయంత్రమే సామర్లకోట బస్సులో ఉండేవాడు. అనాలనే నోరు తెరిచాడు. కళ్లజోడు నుదుటిమీదికి వెళ్లింది.

"ఏ రూలు కింద?" అన్నాడు.

అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ, జిల్లా జలరవాణా అధికారి త్రిపురాంతకరావు గారు అప్పటికే వాళ్ల వెనక నిలబడి ఉన్నారు. ఆయనకు ప్రశ్నలంటే ప్రాణం. ప్రశ్న ఉన్నచోట పైవారికి లేఖ రాయొచ్చు.

"సరైన సమయంలో అడిగారు గవర్రాజు గారూ," అన్నారాయన. "హోమ్ అనేది ఒక పద్దు. వార్ అనేది మరొక పద్దు. ఒక పద్దు కింద కేటాయించిన స్థలమును మరొక పద్దుకు మళ్లించుట అనగా ఏమిటి? పునఃకేటాయింపు. డబ్బుకైతే ఒప్పుకుంటామా? ఒప్పుకోం. పైవారి ముందస్తు అనుమతి లేనిదే చిల్లిగవ్వ మళ్లించం. స్థలము మాత్రం ప్రభుత్వ సొమ్ము కాదా?"

"కరెక్టేనండి," అన్నాడు గవర్రాజు. ఆ మాటతో ఆయనకు నిజంగానే ఏకీభావం కుదిరింది. అదే ఆయన దురదృష్టం.

సువార్త బ్యాగు సర్దుకుంది. "అనుమతి వచ్చాక ఫోన్ చెయ్యండి," అని వెళ్లిపోయింది.

గవర్రాజు ఆ లేఖ స్వయంగా రాశాడు. తన సర్వీసులో అంత చక్కని లేఖ ఆయన రాసి ఎరగడు. హోమ్ పద్దులో మిగులు, వార్ పద్దులో లోటు, మళ్లింపు ఆవశ్యకత, ప్రజా ప్రయోజనం. పైన ఎర్రసిరాతో "అత్యవసరము" అని రాసి మనిషినిచ్చి పంపాడు. ఆ రాత్రి మంగతాయారుకు ఫోన్ చేసి, నాలుగు రోజుల్లో వచ్చేస్తున్నానని చెప్పాడు.

"నిజంగానా? పోయినేడు కూడా ఇలాగే చెప్పారు."

"పోయినేడు ఉత్తర్వు రాలేదు. ఈసారి వచ్చింది. చిన్న స్థలం సమస్య, అంతే."

"స్థలమేంటండి? ఎక్కడన్నా కొన్నారా ఏమిటి నాకు చెప్పకుండా?"

కొనలేదని ఒప్పించేసరికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది.

లేఖ చేరిన ప్రధాన కార్యాలయంలో దాన్ని ముగ్గురు చదివారు, ముగ్గురూ ముగ్ధులయ్యారు. డిస్కులో చోటు కూడా బడ్జెట్టు లాంటిదేనన్న విషయం అంతవరకూ ఎవరికీ తట్టలేదు. తట్టాక ఇక నిద్ర పట్టలేదు. నాలుగో రోజున జవాబు వచ్చింది. అది గవర్రాజుకు కాదు, రాష్ట్రంలోని జిల్లా కార్యాలయాలన్నిటికీ.

"కంప్యూటర్లయందలి స్థలము ప్రజాధనమని గుర్తించడమైనది," అని త్రిపురాంతకరావు గారు సిబ్బందినందరినీ నిలబెట్టి చదివి వినిపించారు. "సదరు స్థలమును పద్దులవారీగా ఏ మేరకు వినియోగించినదీ ప్రతి జిల్లా అధికారి వినియోగ ధ్రువపత్రము సమర్పించవలెను. మార్చి నెలాఖరుకు వినియోగము కాని ఖాళీ మురిగిపోవును. అట్లు మురిగిన ఖాళీకి తగినట్లు వచ్చే సంవత్సరము సదరు జిల్లాకు చిన్న డిస్కు పంపబడును. సంబంధిత అధికారియు అకౌంట్స్ సిబ్బందియు సంజాయిషీ ఇచ్చుకొనవలెను. పూర్తిగా వినియోగించిన జిల్లాకు శాఖ దినోత్సవమున మొదటి బహుమతి ఇవ్వబడును." చివర్లో చిన్న అక్షరాలతో, ఫలానా జిల్లావారి మళ్లింపు అభ్యర్థన పరిశీలనలో ఉన్నదని కూడా రాసి ఉంది.

ఆయన కాగితం మడిచి అందరి మొహాలూ చూశారు. "మన హోమ్ పద్దు వినియోగం మూడు శాతం. రాష్ట్రంలో మనం ఆఖరివాళ్లం. నా సర్వీసులో ఇంతవరకూ ఒక్క రూపాయి మురగనివ్వలేదు. ఖాళీని మురగనిస్తానా?"



"నింపండి," అన్నారాయన.

మార్చి నెలలో హడావుడిగా రోడ్లు తవ్వి మళ్లీ పూడ్చే శాఖలను చూసి జలరవాణా శాఖవాళ్లు నవ్వుకునేవాళ్లు. తమకు తవ్వడానికి ఏమీ లేదు కదా అని. ఇప్పుడు వాళ్లకూ మార్చి వచ్చింది. మనిషికింత అని లక్ష్యం పెట్టారు. టైపిస్టు ఒకే లైసెన్సు ఫైలుకు కాపీలు తీస్తూ, వాటికి నకలు, నకలుకు నకలు, నకలుకు నకలు యొక్క నకలు అని పేర్లు పెట్టుకుంటూ పోయింది. అటెండరును రేవుకు పంపి గోదావరిని ఫోటోలు తీయించారు. నీళ్లు కదులుతూ ఉంటాయి కాబట్టి ఏ ఫోటోకు ఆ ఫోటో వేరే అని నోట్ రాసుకున్నారు. సీనియర్ అసిస్టెంటు తన కూతురి ఓణీల ఫంక్షను వీడియో తెచ్చాడు. ఇది శాఖకు సంబంధించినదేనా అని త్రిపురాంతకరావు గారు మొదట శంకించారు గానీ, ఫంక్షను హాలు కిటికీలోంచి దూరాన ఒక పడవ కనబడడంతో అనుమతించారు.

ఇంత చేసినా హోమ్ నిండలేదు. పెద్ద డిస్కు అది. కాకులు నీళ్లు తాగినంత తరిగింది. వారంవారం ప్రధాన కార్యాలయంతో వీడియో కాన్ఫరెన్సు. పక్క జిల్లావాళ్లు ఆ కాన్ఫరెన్సులనే రికార్డు చేసి దాచుకుంటున్నారు. సమావేశం ఎంత సాగితే వినియోగం అంత పెరుగుతుంది కాబట్టి, ఆ జిల్లా అధికారి ప్రతి ప్రశ్నకూ స్వాతంత్ర్యోద్యమ కాలం నుంచి జవాబు చెప్పేవారు. వాళ్లకు అరవై శాతం వచ్చింది. త్రిపురాంతకరావు గారు అన్నం సరిగా తినడం లేదని ఆయన డ్రైవరు చెప్పాడు.

ఈ గొడవలో గవర్రాజు రిలీవింగ్ ఆర్డరు సంగతి అందరూ మర్చిపోయారు, గవర్రాజు తప్ప. రోజూ పొద్దున్నే ప్రింటు కొట్టి చూసేవాడు. రోజూ అదే మాట. ఒకరోజు ఆయనకు హఠాత్తుగా ఒక అనుమానం వచ్చి, వరండాలోకి వెళ్లి సువార్తకు ఫోన్ చేశాడు.

"అమ్మా, హోమ్ గోడ జరపాలంటే హోమ్‌లో ఖాళీ ఉండాలి కదూ?"

"ఉండాలండి. నిండిపోయిన గదిని ఎలా కుదిస్తాం? అయినా మీ హోమ్ ఖాళీయే కదా."

"నింపుతున్నాం."

"ఎందుకండి?"

గవర్రాజు చెప్పాడు. "మళ్లీ చెప్పండి," అంది సువార్త. ఆ అమ్మాయి ఆశ్చర్యపోవడం అదే మొదటిసారి.

గవర్రాజు కూలబడ్డాడు. నింపితే, అనుమతి వచ్చేసరికి ఖాళీ ఉండదు. ఖాళీ ఉంచితే మురిగిపోతుంది. మురిగిపోతే సంజాయిషీ అడుగుతారు, సంజాయిషీ పెండింగులో ఉన్న మనిషిని రిలీవ్ చేయరు. ఎటు తిరిగినా సామర్లకోట దూరమవుతోంది. తను అడిగిన ఒక్క ప్రశ్న ఇంత దూరం వచ్చింది. ఆయనకు ఆ వరండాలో ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారని మొహం తుడుచుకుని, దుమ్ము పడిందన్నట్టు కళ్లజోడు కూడా తుడిచాడు.

ఆ సాయంత్రం సువార్త తనంతట తానే వచ్చింది. స్టాఫంతా వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఖాళీనే ఫైలుగా చెయ్యొచ్చండి. సైజు ఎంత కావాలంటే అంత పెట్టొచ్చు. లోపల అక్షరం ముక్క ఉండదు, అన్నీ తెరమీద కనపడని సున్నాలే. చూసేవాళ్లకి మాత్రం గది నిండినట్టే కనపడద్ది. అనుమతి వచ్చిన రోజు ఆ ఒక్క ఫైలూ తీసేస్తే మీ ఖాళీ మీకు ఉంటది. గోడ జరిపేస్తాను, ప్రింటు తీసుకుని బస్సెక్కేద్దురుగాని."

గవర్రాజు కళ్లజోడు కదిలింది. చేత్తో పట్టుకుని కిందికి లాక్కున్నాడు. సర్వీసులో మొదటిసారి ఆయన ఏ రూలు కింద అని అడగలేదు.

"కానీ అమ్మా, పేరు?"

"ఏదోటి పెట్టండి. ఎవరూ తెరిచి చూడని పేరయితే మంచిది."

గవర్రాజు ఎక్కువ ఆలోచించలేదు. ప్రభుత్వోద్యోగంలో అలాంటి పేరు వెతుక్కోనక్కర్లేదు. "జిల్లా జలరవాణా సమగ్ర దార్శనిక పత్రము" అని కొట్టాడు. ఇంగ్లీషులో విజన్ డాక్యుమెంటు అనే ఆ రకం ఫైలును ఏ ఆఫీసులోనైనా ఎవరైనా తెరిచిన దాఖలా ఆయనకు తెలిసి లేదు.

మర్నాటి వీడియో కాన్ఫరెన్సులో ఆ జిల్లా వినియోగం తొంభై తొమ్మిది శాతం అని తేలింది. తెరమీది అధికారులందరూ ఒక్కసారి ముందుకు వంగారు. అడుగునుంచి తొంభై తొమ్మిదికి ఒక్క రాత్రిలో ఎలా అని అడిగారు. త్రిపురాంతకరావు గారికి తెలియదు, కానీ తెలియదని చెప్పడం ఆయనకు చేతకాదు. ఆయన ఫైళ్ల వరసను పైనుంచి చూసి, అన్నిటికన్నా పెద్దదాని పేరు గట్టిగా చదివారు.

"దార్శనిక పత్రమండి," అన్నారు. "మా గవర్రాజు గారు అహోరాత్రులు శ్రమించారు."

శాఖలో మరే జిల్లాకూ దార్శనిక పత్రం లేదు. అంత పెద్దది అసలే లేదు. వారం తిరక్కుండా అదనపు సంచాలకులు చిదానందం గారు తనిఖీకి స్వయంగా బయలుదేరి వచ్చారు. సువార్తను కూడా పిలిపించారు. ఫైలు తెరవడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

చిదానందం గారు దండ వేయించుకుని, కొబ్బరినీళ్లు తాగి, కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఫైలు తెరవమన్నారు. కంప్యూటరు తిరుగుతూనే ఉంది. అంత సైజు ఫైలును అది జన్మలో తెరవలేదు.

"చూశారా," అన్నారు చిదానందం గారు పక్కనున్నవారితో. "తెరుచుకోవడానికే ఇంతసేపు పడుతోందంటే, ఎంత లోతుగా రాసి ఉంటారో."

ఎట్టకేలకు తెరుచుకుంది. తెరమీద తెల్లగా ఒక పుట.

"మొదటి పుట ఖాళీగా వదలడం పెద్ద గ్రంథాల మర్యాద," అన్నారాయన. రెండో పుటకు వెళ్లారు. తెల్లగా ఉంది. పదో పుట తెల్లగా ఉంది. వెయ్యో పుటకు దూకారు. అదీ అంతే. త్రిపురాంతకరావు గారి మొహాన చెమటలు పట్టాయి.

గవర్రాజుకు ఇక దాచడం తన వల్ల కాదనిపించింది. పోతే ఉద్యోగం పోతుంది, అలాగైనా ఇంటికి వెళ్తానని తెగించి ముందుకొచ్చాడు. "అయ్యా, అందులో ఏమీ లేదండి. ఉత్త ఖాళీ ఫైలండి. తప్పు నాదేనండి, ఆ పేరు నేనే పెట్టాను."

చిదానందం గారు వెనక్కి తిరిగి ఆయన్ని చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఈ శాఖలో ఇంత వినయం నేనెప్పుడూ చూడలేదు," అన్నారు. "ఇందులో ఏమీ లేదట. ఏమీ లేకపోవడమేమిటి? పై నుంచి నిర్ణయాలు రుద్దని తొలి దార్శనిక పత్రమిది. నావికునికి చోటు వదిలారు. ప్రయాణికునికి చోటు వదిలారు. రాబోవు తరముల అధికారులకు చోటు వదిలారు. దీనిని భాగస్వామ్య దార్శనికత అంటారు. నేను మా డైరెక్టరు గారికి ఎన్నాళ్లుగానో ఇదే మొత్తుకుంటున్నాను."

"అయ్యా, నిజంగా ఏమీ లేదండి," అన్నాడు గవర్రాజు మళ్లీ.

"విన్నారా," అన్నారు చిదానందం గారు అందరివైపూ చూసి. త్రిపురాంతకరావు గారు ముందుగా చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు కూడా కొట్టారు.

అక్కడికక్కడే ఉత్తర్వులు వెలువడ్డాయి. ఈ పత్రమును శాశ్వత రికార్డుగా పరిగణించవలెను. ఎవరునూ మార్చరాదు, చెరపరాదు, కుదించరాదు. సువార్తను పిలిచి, ఎవరూ ముట్టుకోలేకుండా ఆ ఫైలుకు తాళం వేయమన్నారు. ఓపెన్ సోర్స్ సిస్టంలో దానికి ఒక్క వరస కొడితే చాలు. సువార్త కీబోర్డు మీద చేతులు పెట్టి గవర్రాజు వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ అమ్మాయి కొట్టింది. తాళం తీయడానికి కావలసిన పాస్‌వర్డును మార్చి, చీటీమీద రాసి, లక్క ముద్ర వేసిన కవరులో పెట్టి ట్రెజరీ స్ట్రాంగ్ రూముకు పంపించారు. దాన్ని బయటికి తీయాలంటే మంత్రివర్గ ఉపసంఘం కూర్చోవాలట.

చిదానందం గారి కారు ఇంకా గేటు దాటకముందే టపా వచ్చింది. గవర్రాజు నిలబడ్డచోటే కవరు చింపాడు. "పై సూచికయందలి మీ అభ్యర్థనను సానుకూలముగా పరిశీలించి, హోమ్ పద్దు నుండి వార్ పద్దుకు స్థలము మళ్లించుకొనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది," అని ఉంది. కింద ఒక షరతు. హోమ్ పద్దులో ఖాళీ ఉన్నచో.

ఆయన ఆ కాగితం తీసుకుని త్రిపురాంతకరావు గారి గదిలోకి వెళ్లాడు. ఆయన చదివి, సంతోషించి, తిరిగి ఇచ్చేశారు.

"అనుమతి వచ్చింది కదండీ. దాఖలు చెయ్యండి."

"ఖాళీ లేదు సార్."

"ఉంటే మనకు మొదటి బహుమతి ఎలా వస్తుందండీ?" అన్నారాయన లాలనగా.

"సార్, నా రిలీవింగ్ ఆర్డరు. ఇవాళా రేపే గడువు ఉంది. మీరు తెల్లకాగితం మీద రాసి ఒక్క సంతకం పెట్టి ఇస్తే వెళ్లిపోతాను."

త్రిపురాంతకరావు గారి మొహం నొచ్చుకున్నట్టయింది. "చేత్తో రాసిన ఆర్డరా? మీరా అడుగుతున్నది గవర్రాజు గారూ? ఏ రూలు కింద?"

ఆ మాట తన నోట్లోంచి కాక ఇంకొకరి నోట్లోంచి వస్తే ఎలా ఉంటుందో గవర్రాజుకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లూ ఎంతమందిని అలా నిలబెట్టాడో ఒకరొకరే గుర్తొస్తుంటే, కడుపులో నిజంగానే మంట పుట్టింది.

ఆఖరి పనిదినాన ఆయన ప్రింటరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ప్రింటు కొట్టడం, వినడం, మళ్లీ కొట్టడం. సాయంత్రం ఆఫీసు మూసే వేళకు బదిలీ రద్దయింది. దానికి ఉత్తర్వేమీ అక్కర్లేదు, దానంతటదే రద్దవుతుంది. ఆ ఒక్క పనికే ఆ శాఖలో ఎవరి అనుమతీ అవసరం లేదు.

తర్వాతి వారం శాఖ దినోత్సవంలో ఆ జిల్లాకు స్థల వినియోగంలో ప్రథమ బహుమతి వచ్చింది. త్రిపురాంతకరావు గారు షీల్డు అందుకున్నారు. గవర్రాజుకు శాలువా కప్పి, ఒక కాగితం చేతికిచ్చారు. దార్శనిక పత్ర రచనలో ఆయన ప్రతిభను గుర్తించి, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఆయన్ని ప్రస్తుత స్థానంలోనే ప్రత్యేకాధికారిగా నియమించారు. ఆ పత్రం రెండో భాగం రాయడం పూర్తయ్యేవరకు ఆయన్ని ఎక్కడికీ కదపరాదని అందులో స్పష్టంగా ఉంది. ఆ కాగితం ప్రధాన కార్యాలయం ప్రింటరులో చక్కగా, ఎక్కడా ఆగకుండా అచ్చయింది.

ఆ రాత్రి ఆయన శాలువా మడిచి బల్లమీద పెట్టి, మంగతాయారుకు ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆవిడ మధ్యలో ఒక్కమాట కూడా అడ్డం రాలేదు. పిల్లలు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పారో చివరిదాకా వినే అలవాటు ఆవిడకుంది.

"ఇంతకీ ఆ పత్రంలో ఏం రాశారు?" అంది చివరికి.

"ఏమీ రాయలేదు మంగా. అంతా సున్నాలే."

"ఏమీ రాయనిదానికి రెండో భాగమేంటండి? దానికి ఎన్నేళ్లు పడుతుంది?"

గవర్రాజు బల్లమీది శాలువా విప్పి మళ్లీ మడిచాడు.

"అదే నేనూ అనుకుంటున్నాను," అన్నాడు. "ఒక్క ముక్కయినా రాసుంటే, తప్పులు పట్టుకుని ఈపాటికి నన్ను పంపించేసేవాళ్లు."